భీమిలి ఒకప్పుడు పట్టణం, ఇప్పుడు విశాఖలో ఒక ఏరియా: ఏం పోయింది, ఏం మిగిలింది?

గంటస్తంభం వీధి (భీమిలి)

ఈ మధ్య ఫ్లాట్ల ప్రకటనల్లో "విశాఖలోనే ప్రశాంతమైన ఏరియా, భీమిలి" అని తెగ కనిపిస్తోంది. ప్రశాంతం అన్నది నిజమే, మధ్యాహ్నం పూట పాత వీధుల్లోకి వెళ్తే మనిషి అలికిడి తక్కువ. నన్ను ఆలోచనలో పడేసింది "ఏరియా" అన్న మాట. ఈ ఊరికి 1861లోనే మున్సిపాలిటీ ఉంది. డచ్చి (హాలండ్) కంపెనీ ఇక్కడ కోఠీ, అంటే వ్యాపార స్థావరం, పెట్టి నేత గుడ్డలు కొని ఓడలకెక్కించింది. పందొమ్మిదో శతాబ్దంలో జిల్లాలో పెద్ద ఎగుమతి రేవు ఇదే. ఇప్పుడు ఆ మున్సిపాలిటీ లేదు. 2013లో దాన్ని విశాఖ నగరపాలక సంస్థలో (జీవీఎంసీ) విలీనం చేసే ఉత్తర్వులు మొదట వచ్చాయి, తర్వాత చాలా గొడవ నడిచింది. చివరికి 2021లో జీవీఎంసీ ఎన్నికలు జరిగినప్పుడు 98 వార్డుల్లో కొన్ని వార్డులుగా మనమూ ఓటేశాం.

ఊరు ఇంత నెమ్మదించడానికి అసలు కారణాలేమిటో, ఇక ముందు మనం ఏం అడగాలో తెలిసినవాళ్ళు రాయండి. బీచ్ ఫోటోలు వేరే చోట చాలా ఉన్నాయి, ఇక్కడ ఊరి గురించి మాట్లాడుకుందాం.

విజయనగరం బండి (విజయనగరం)

మంచి చర్చ మొదలుపెట్టారండీ. భీమిలి గురించి రాసేవాళ్ళంతా సముద్రం వైపు చూసి రాస్తారు, నేను వెనక వైపు నుంచి చెబుతాను. ఆ రేవును పోషించింది కొండలూ మా మైదానాలూ. ఒడిశాలోని జయపురం వైపు నుంచి సాలూరు ఘాట్ దిగి, విజయనగరం మీదుగా ఎడ్లబళ్ళు భీమిలికి వచ్చేవి. వలిసెలు, నువ్వులు, కరక్కాయలు, తోళ్ళు, నీలిమందు, గోగునార ఆ బళ్ళ మీదే తీరానికి చేరేవి. యూరపు వ్యాపార కంపెనీల ఏజెన్సీలు అక్కడ ఉండేవి, తీరం వెంట తిరిగే స్టీమర్లు ఆగేవి. విజయనగరానికి సముద్రం గుమ్మం భీమిలే.

మరి ఆ గుమ్మం ఎందుకు మూసుకుపోయింది? మొదటి దెబ్బ రైలు. ఈస్ట్ కోస్ట్ రైల్వే లైను 1893 నుంచి 1896 మధ్య బెజవాడ నుంచి కటక్ దాకా వేశారు. అది విజయనగరం, కొత్తవలస, వాల్తేరు మీదుగా కొండల వెనక నుంచి వెళ్ళింది. భీమిలికి రైలు రాలేదు, ఇప్పటికీ లేదు. విజయనగరం స్టేషన్లో సరుకు వ్యాగన్లోకి ఎక్కించే వీలు దొరికాక, దాన్ని బండి మీద తీరానికి తోలి, అక్కణ్ణుంచి పడవలోకి, పడవ నుంచి ఓడలోకి మార్చే పని ఎవరు పెట్టుకుంటారు? వ్యాపారం ఒక్కరోజులో ఆగిపోలేదు గానీ అప్పటి నుంచే దాని దారి మళ్ళడం మొదలైంది.

తోటవీధి పడవ (భీమిలి)

బండి గారు చెప్పిన "పడవలోకి, పడవ నుంచి ఓడలోకి" అన్న ముక్క మా ఇంటి కథ. కాస్త వివరంగా రాస్తాను.

భీమిలిలో ఓడ ఒడ్డుకు ఆనుకుని ఆగే జెట్టీ ఉండేది కాదు. ఓడలు దూరంగా లోతు నీళ్ళలో లంగరు వేసేవి. మధ్యలో కెరటాలు విరిగే చోటు చాలా ప్రమాదం. అక్కడ మేకులు కొట్టిన పడవ వేస్తే అలల దెబ్బకు చెక్క పగిలిపోతుంది. అందుకే కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవలు వాడేవాళ్ళు. అల కొట్టినప్పుడు ఆ పడవ కాస్త వంగుతుంది, విరగదు. ఓడలో సరుకు, ప్రయాణికులు, దొరలు, వాళ్ళ పెట్టెలు, అన్నీ మా వాళ్ళ తెడ్ల మీదే ఒడ్డుకు చేరాయి. వర్షాకాలంలో సముద్రం పొంగినప్పుడు పని రోజుల తరబడి ఆగిపోయేదని మా పెద్దవాళ్ళు చెప్పేవారు.

రేవు పోయాక వ్యాపారులు ఇళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయారు, ఏజెన్సీలు మూసేశారు. మేం మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. వాడబలిజలు, జాలర్లు అదే ఒడ్డున వేటకు వెళ్ళారు, ఇప్పటికీ వెళ్తున్నారు. ఊరు నిద్రపోయిందని అందరూ అంటారు గానీ, తెల్లవారుజామున వచ్చి చూడండి, వలలు లాగే చోట నిద్ర ఎవరికుంది?

గంటస్తంభం వీధి

తోటవీధి గారూ, మీరన్నది నిజం. పాత వీధుల్లో నిశ్శబ్దం ఉంది గానీ ఒడ్డున లేదు.

ప్లానింగ్ చదువు (విశాఖపట్నం)

రెండో దెబ్బ గురించి నేను చెబుతాను, విశాఖ ఓడరేవు. భీమిలిని ఎవరో కావాలని చంపారని చాలామంది నమ్ముతారు. భౌగోళికంగా చూస్తే వేరే సంగతి తెలుస్తుంది.

భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేస్తుంది. తీరం ఓడలకు ఏ ఆశ్రయమూ లేని బహిరంగ తీరం. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ అలలకు, గాలులకు అడ్డుగా నిలబడింది, దాని వెనక మేఘాద్రిగెడ్డ కలిసే చిత్తడి నేల ఉంది. ఆ చిత్తడిని తవ్వి లోపలికి ఓడలు వచ్చే రేవు కట్టొచ్చని చాలాకాలంగా అనుకున్నారు, చివరికి కట్టారు. 1933 అక్టోబరులో మొదటి ఓడ లోపలికి వచ్చింది, డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ అధికారికంగా ప్రారంభించాడు. దానికి కాస్త ముందే రాయపూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయింది. మధ్య పరగణాల (ఇప్పటి ఛత్తీస్‌గఢ్ వైపు) సరుకంతా నేరుగా విశాఖ రేవులో దిగింది. ఆశ్రయం ఉన్న లోతైన రేవు, దానికి వెనక నుంచి రైలు. ఈ రెండూ కలిసిన చోటు గెలిచింది. తీరం వెంట చాలా రేవులకు ఇదే జరిగింది. శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం సంగతి కూడా ఇంచుమించు ఇదే.

ఒక విశేషం ఏమిటంటే, రాష్ట్రంలోని చిన్న ఓడరేవుల పట్టికలో భీమునిపట్నం (భీమిలి పూర్తి పేరు) పేరు ఓడలు రాకుండానే కొనసాగుతూ వచ్చింది.

కొత్త ఫ్లాట్ (భీమిలి బీచ్ రోడ్)

నేను ఈ ఊరికి కొత్త. మాది గుంటూరు వైపు. రిటైరయ్యాక సిటీ గోల లేకుండా ఉండాలని ఇక్కడ తీసుకున్నాం. అమ్మినవాళ్ళు బీచ్ ఎంత దూరమో చెప్పారు గానీ ఈ చరిత్ర ఒక్క ముక్క చెప్పలేదు.

ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. విలీనంలో అంత నష్టం ఏముంది? పెద్ద కార్పొరేషన్ అంటే నిధులు ఎక్కువ, నీళ్ళు, లైట్లు, రోడ్లు మెరుగవుతాయి కదా. చిన్న మున్సిపాలిటీగా ఉండి ఏం చేయగలిగేది?

పాతచట్టాలు (రిటైర్డ్ మున్సిపల్ ఉద్యోగి)

కొత్త ఫ్లాట్ గారూ, తప్పుగా అనుకోవాల్సిందేమీ లేదు, సరైన ప్రశ్న అడిగారు. జవాబు కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

ముందు ఒక ప్రచారం సంగతి. "దేశంలో రెండో మున్సిపాలిటీ భీమిలి" అని బోర్డుల మీద, పత్రికల్లో చదివే ఉంటారు. ఆ మాట నిలవదు. మద్రాసు కార్పొరేషన్ 1688లో మొదలైంది. బొంబాయి, కలకత్తాలకు 1726 చార్టర్ కింద నగర వ్యవస్థలు వచ్చాయి. అయినా భీమిలి గొప్పతనం తగ్గదు. అసలు గొప్పతనం వేరే చోట ఉంది.

1850లో వచ్చిన 26వ చట్టం ప్రకారం ఏ ఊరికైనా మున్సిపల్ ఏర్పాటు రావాలంటే ఆ ఊరివాళ్ళు ముందుకొచ్చి కావాలని కోరాలి. ప్రభుత్వం తనంతట తాను రుద్దే పద్ధతి కాదది. అడగడమంటే తమ మీద తాము పన్ను వేసుకోవడమే. అందుకే దేశంలో చాలా ఊళ్ళు ఆ చట్టం జోలికి పోలేదు. మన తీరంలో విశాఖ 1858లో ముందుకొచ్చింది, 1861లో భీమిలి. మద్రాసు ప్రెసిడెన్సీలో మిగతా పట్టణాల్లో ఎక్కువ భాగం 1865 చట్టం వచ్చాకే మున్సిపాలిటీలయ్యాయి. అంటే పైనుంచి ఆజ్ఞ రాకముందే వీధి ఊడ్పించుకోవడానికి, దీపం పెట్టించుకోవడానికి సిద్ధపడిన ఊరిది. "రెండోది" అని అబద్ధపు పతకం తగిలించడం కన్నా ఈ నిజం చెప్పుకోవడం నాకు ఎక్కువ గౌరవంగా అనిపిస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. డబ్బు విషయంలో మీరన్నది చాలావరకు ఒప్పుకుంటాను. చిన్న మున్సిపాలిటీ ఆదాయంతో పెద్ద పనులు కావు, ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ బాధ దగ్గర నుంచి చూశాను. అయితే మున్సిపాలిటీ ఉంటే కౌన్సిల్ ఉంటుంది. కౌన్సిల్ సమావేశంలో ఊరి విషయమే ఎజెండా. డచ్చి సమాధుల గోడ పడిపోయిందంటే అది అక్కడ మొదటి అంశం కావచ్చు. 98 వార్డుల కౌన్సిల్లో అదే విషయం ఎన్నో అంశం అవుతుంది? నష్టం ఏమిటని అడిగారు కదండీ, నాకు తెలిసిన నష్టం ఇదే. నీళ్ళూ లైట్లూ వస్తాయి. ఊరు గురించి ఊరువాళ్ళే కూర్చుని తేల్చుకునే గది పోతుంది.

కొత్త ఫ్లాట్

ఇలా ఎవరూ చెప్పలేదండీ నాకు. నిధులు, సౌకర్యాలు అనే లెక్కలోనే ఆలోచించాను.

చిట్టివలస గోగునార (తగరపువలస)

బండి గారి జాబితాలో గోగునార చివర్న వచ్చింది, దాన్ని ముందుకు తేవాలి.

ప్రపంచ మార్కెట్లో గోగునారకు వ్యాపార నామం "బిమ్లిపటం జూట్". బెంగాల్ జనపనార ఒకటైతే ఇది రెండోది. లండన్ వ్యాపారుల, స్కాట్లాండ్‌లో జనపనార మిల్లుల ఊరైన డండీ వ్యాపారుల కాగితాల మీద మన ఊరి పేరు ఒక సరుకు పేరుగా ఉండేది. నార మొక్కల పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ "బిమ్లి" అన్న పేరు కనిపిస్తుంది.

ఈ పంట పని చూసినవాళ్ళకే తెలుస్తుంది. గోగు కోసి కట్టలు కట్టి చెరువులోనో గెడ్డలోనో ఊరబెడతారు. పైన మట్టీ రాళ్ళూ బరువు పెడతారు. రెండు మూడు వారాల్లో బెరడు కుళ్ళి వదులవుతుంది. ఆ వాసన ఊరంతా ఉంటుంది. నడుము లోతు నీళ్ళలో నిలబడి పుల్ల నుంచి నార లాగాలి. చేతులూ కాళ్ళూ నానిపోయి చర్మం ఊడుతుంది. మా అమ్మమ్మ చేతులు అందుకే ఎప్పుడూ గరుగ్గా ఉండేవి. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో ఇలా నార తీసిన ఆడవాళ్ళు లేకపోతే భీమిలి పేరు డండీ దాకా వెళ్ళేదే కాదు.

ఆ నార ఆధారంగానే గోస్తని ఒడ్డున చిట్టివలసలో జూట్ మిల్లు నడిచింది. చుట్టుపక్కల ఊళ్ళకు షిఫ్ట్ సైరనే గడియారం. 2009లో మిల్లు లాకౌట్ అయింది. రేవు పోయాక కూడా ఈ ప్రాంతానికి జీతాలిచ్చింది ఆ మిల్లే, అది మూతపడ్డాకే అసలైన నిశ్శబ్దం వచ్చింది. కాబట్టి 1933తో కథ ముగించకండి. రేవు పోయినప్పుడు నష్టపడింది వ్యాపారులు. మిల్లు ఆగినప్పుడు కార్మిక కుటుంబాలు చెదిరిపోయాయి, పిల్లలు చదువులు మానేశారు, కొందరు గాజువాక వెళ్ళారు, కొందరు ఆటోలు కొనుక్కున్నారు. "ప్రశాంతమైన ఏరియా" అని చదివినప్పుడల్లా నాకు ఆగిపోయిన ఆ సైరన్ గుర్తొస్తుంది.

గంటస్తంభం వీధి

గోగునార గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఊరు నెమ్మదించడం అనగానే నేను రేవు గురించే ఆలోచించాను. మిల్లు కథ దానితో కలిపి చెప్పాలి, ఇకపై అలాగే చెబుతాను.

హేగ్ నుంచి (నెదర్లాండ్స్)

మాది భీమిలి పక్కన మూలకుద్దు. ఉద్యోగ రీత్యా ఇక్కడ ఉంటున్నాను. డచ్చి విషయం ఎవరూ లోతుగా రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

డచ్చి ఈస్టిండియా కంపెనీ దస్తావేజులు హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 2003లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలోకి ఎక్కాయి. చాలా భాగం స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు, ఎవరైనా ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడొచ్చు. మన ఊరు వాటిలో "బిమిలిపట్నం" అని ఉంటుంది. కోరమాండల్ తీరం కింద మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, జగన్నాథపురం, వీటితో పాటే మనదీ వస్తుంది.

కాలక్రమం టూకీగా: 17వ శతాబ్దంలో కోఠీ. యూరపులో యుద్ధం వచ్చి 1781లో ఇంగ్లీషువాళ్ళు డచ్చి స్థావరాలు లాక్కున్నారు, సంధి తర్వాత తిరిగిచ్చారు. 1795లో మళ్ళీ లాక్కున్నారు. ఈలోగా 1799 ఆఖరుకు డచ్చి కంపెనీయే రద్దయిపోయింది. 1818లో డచ్చి ప్రభుత్వానికి తిరిగిచ్చారు. 1824 ఒప్పందం ప్రకారం 1825లో పూర్తిగా ఇంగ్లీషు కంపెనీ చేతికొచ్చింది. మనం "డచ్చివాళ్ళ కాలం" అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, ఊరివాళ్ళకు ఆ నలభై ఏళ్ళూ జెండా మారుతూనే ఉంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. డచ్చి సమాధుల దగ్గర ఫోటోలు దిగి "మన డచ్చి వారసత్వం" అని ముచ్చటగా రాస్తుంటారు. ఆ కంపెనీ ఈ తీరంలో కొన్నది గుడ్డలు ఒక్కటే కాదు. 17వ శతాబ్దంలో కరువులు వచ్చినప్పుడు కోరమాండల్ తీరంలో తిండి లేక అమ్ముడుపోయిన మనుషుల్ని వేల సంఖ్యలో కొని బతావియాకు (ఇప్పటి జకార్తా), సిలోనుకు బానిసలుగా ఓడల్లో పంపింది. పిరమిడ్ ఆకారపు సమాధుల కింద ఉన్నవాళ్ళ పేర్లు రాయి మీద చెక్కి ఉన్నాయి. ఓడలెక్కినవాళ్ళకు సమాధులూ లేవు, పేర్లూ లేవు. సమాధులను కాపాడుకోవాల్సిందే, వాటిని చూపించేటప్పుడు ఈ మాట కూడా చెప్పాల్సిందే.

విజయనగరం బండి

హేగ్ గారూ, ఈ మాట రాసినందుకు కృతజ్ఞతలు. నేతగాళ్ళ గురించి కూడా ఆ కాగితాల్లో ఏమైనా ఉందా? అడ్వాన్సులిచ్చి గుడ్డ నేయించుకునేవారు కదా.

హేగ్ నుంచి

ఉంటుందండీ. గుడ్డ రకాలు, కొలతలు, ధరలు, దళారీలతో పేచీలు కంపెనీ ఉత్తరాల్లో మామూలే. పాత డచ్చి చేతిరాత చదవడమే కష్టం. ఇప్పుడు కంప్యూటర్‌తో ఆ చేతిరాతను అచ్చులోకి మార్చే పని ఇక్కడ పెద్ద ఎత్తున జరిగింది. కాబట్టి ఊరి పేరు కొట్టి వెతికితే పుటలు దొరుకుతాయి. ఒకే పేరును వాళ్ళు రకరకాలుగా రాశారు కాబట్టి ఒక్క రూపంతో వెతికి వదిలేయకూడదు.

పావురాళ్ళకొండ (భీమిలి)

అందరూ డచ్చి దగ్గర మొదలుపెడుతున్నారు. ఊరి మీద కొండ ఉంది, తల ఎత్తి చూడండి! పావురాళ్ళకొండ మీద క్రీస్తు పూర్వం నుంచే బౌద్ధ విహారం ఉండేది. వాన నీళ్ళు నిలవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. పక్కనే బావికొండ, తొట్లకొండ. సముద్రం మీద వెళ్ళే వ్యాపారులు, ఆ కొండల మీద భిక్షువులు, ఈ రెండూ కలిసే బతికాయి. కొండ మీద నరసింహస్వామి కోవెల. భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడే అన్నది ఊరి నమ్మకం. డచ్చి ఓడ రాకముందు వేల ఏళ్ళ ఊరండీ ఇది.

ప్లానింగ్ చదువు

నిజమే. చర్చ ఇప్పుడు ఏం అడగాలన్న దాని మీదకు రావాలి కాబట్టి పరిపాలన సంగతి కొంచెం చెబుతాను.

భీమిలి విశాఖ నీడలోకి రావడం విలీనంతో మొదలవలేదు. 1978లో విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ (వుడా) ఏర్పడింది, ఇప్పుడది వీఎంఆర్‌డీఏ. మాస్టర్ ప్లాన్ల విషయంలో ఈ ప్రాంతం అప్పటి నుంచే నగరంతో ముడిపడింది. తర్వాత రుషికొండ వైపు ఐటీ, కాలేజీలు, బీచ్ రోడ్డు, దాని వెంట భూముల ధరలు వచ్చాయి. విలీనం అందులో ఆఖరి కాగితం. మరోవైపు 2022లో జిల్లాలు విభజించినప్పుడు భీమునిపట్నం రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. మున్సిపాలిటీ పోయిన ఊరికి ఆర్డీవో ఆఫీసు వచ్చింది. అంటే రెవెన్యూ లెక్కలో ఇది కేంద్రం, నగరపాలన లెక్కలో ఒక జోన్. ఈ రెవెన్యూ హోదాను మనం ఉపయోగించుకోవాలి. వినతిపత్రం ఇవ్వడానికి సిటీకి పరుగెత్తక్కర్లేదు.

రాబోయే ప్రమాదం నా దృష్టిలో ఎక్కడుందంటే పాత వీధుల్లో. సమాధులూ, లైట్‌హౌసూ, గంటస్తంభం, చర్చీ, వీటిని ఎవరూ ధైర్యంగా కూల్చరు. పాత పెంకుటిళ్ళు, ఎత్తరుగులు, వ్యాపారుల గిడ్డంగులు, ఇవి ప్రైవేటు ఆస్తులు. వారసులు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఒక్కొక్కటే అమ్ముడుపోయి ఐదంతస్తులు లేస్తాయి. అన్నీ పోయాక మిగిలిన గంటస్తంభం చుట్టూ అపార్ట్‌మెంట్లు ఉంటే అది ఏ ఊరి గంటస్తంభం?

తోటవీధి పడవ

ప్లానింగ్ బాబూ, ఇళ్ళ గురించి బాగా చెప్పావు. ఒడ్డు గురించి కూడా చెప్పు. బీచ్ అందంగా చేస్తామంటే ముందు తీసేది మా తెప్పలనీ, వలలు ఆరేసే చోటునీ, ఎండుచేపల పందిళ్ళనే. టూరిస్టుకు వాసన వస్తుందంటారు. ఈ ఊరికి రేవు అనే పేరు రావడానికి పడవ తోలినవాళ్ళం మేం. పాత ఇల్లు వారసత్వం అయితే పడవ లాగే ఇసుక ఎందుకు కాదు?

ప్లానింగ్ చదువు

అవుతుంది, అన్నా. వినతిలో ఇళ్ళ కన్నా ముందు అదే పెట్టాలి. వేటకు వాడే ఒడ్డును మ్యాపులో గుర్తించి రాయించుకోవాలి. మ్యాపులో లేని హక్కు నోటిమాటగానే ఉండిపోతుంది.

ఎర్రమట్టి (మధురవాడ)

నాది కొంచెం కటువైన అభిప్రాయం. వినతులు, మ్యాపులు ఇవన్నీ చేసి ఏం లాభం? మున్సిపాలిటీ మళ్ళీ కావాలని గట్టిగా అడగాలి. భీమిలి దగ్గర తీరం వెంట ఉన్న ఎర్ర ఇసుక గుట్టలు, ఎర్రమట్టి దిబ్బల సంగతి చూడండి. జియలాజికల్ సర్వే భూవారసత్వ స్థలంగా గుర్తించినా వాటి చుట్టూ ఆందోళన ఆగలేదు. ఊరికి సొంత కౌన్సిల్ లేకుండా ఏ గుర్తింపూ కాపాడదు.

పాతచట్టాలు

ఎర్రమట్టి గారూ, మీ కోపం నాకర్థమవుతుంది, నా మనసులో కూడా ఆ కోరిక ఉంది. అయినా విలీనం వెనక్కి తీసుకోవడం కోర్టుల చుట్టూ, ప్రభుత్వాల చుట్టూ ఏళ్ళు పట్టే పని. ఆ ఏళ్ళలో ఇళ్ళు పోతాయి, కాగితాలు పోతాయి. రెండూ సమాంతరంగా నడవాలి.

కాగితాల విషయం అత్యవసరం. 1861 నుంచి నడిచిన సంస్థ అంటే తీర్మానాల పుస్తకాలు, పన్ను రిజిస్టర్లు, జనన మరణ రిజిస్టర్లు, వీధుల కొలతలు, టెండర్లు ఉంటాయి. ఆఫీసులు విలీనమైనప్పుడు మొదట పాడయ్యేవి ఇవే. ఏ ఆఫీసులోనైనా ఇంతే, ఒక గది ఖాళీ చేయమంటారు, బీరువాలోవి వరండాలోకి వస్తాయి, ఒక వాన చాలు. ఇప్పుడు ఎవరి దగ్గర ఏం మిగిలిందో మొదట లెక్క తేలాలి. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టి "భీమునిపట్నం మున్సిపాలిటీకి చెందిన పాత రికార్డుల జాబితా, అవి ఉన్న చోటు" అడగండి. విమర్శ లేకుండా, ఒక్క ప్రశ్నే అడగండి. ప్రశ్నలు పది కలిపితే జవాబు దాటవేయడం సులువవుతుంది.

ఎర్రమట్టి

సమాంతరంగా అంటే నేను ఒప్పుకుంటాను. మున్సిపాలిటీ డిమాండు మాత్రం వదలను.

కొత్త ఫ్లాట్

మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది రిటైరైనవాళ్ళే. ఇద్దరు లాయర్లున్నారు, ఒకరు ఇంజనీరింగ్ డ్రాయింగులు వేసేవారు. పాత వీధుల్లో ఇళ్ళ వివరాలు రాసుకోవడం, ఫోటోలు తీయడం, కొలతలు తీసుకోవడం మేం చేయగలం. ఊరివాళ్ళు ఒప్పుకుంటేనే. కొత్తగా వచ్చినవాళ్ళు లెక్కలు రాస్తుంటే స్థలాల బేరానికి వచ్చారనుకోకూడదు కదా.

గంటస్తంభం వీధి

అలా అనుకునే అవకాశం ఉంది, అందుకే మీతో మేం ఒకరం వస్తాం. పాత ఇళ్ళవాళ్ళలో ఎక్కువమంది మాకు బంధుత్వమో పరిచయమో. పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ చెబుతారు, అడిగేవాళ్ళు లేక చెప్పడం లేదంతే. ఇంటి యజమాని ఒప్పుకోకపోతే ఫోటో తీయొద్దు, నెట్‌లో చిరునామా పెట్టొద్దు. ఈ నియమం అందరం పాటించాలి.

చిట్టివలస గోగునార

మిల్లు కార్మికుల జ్ఞాపకాలు నేను రికార్డు చేస్తాను. పని ఎలా జరిగేదో చెప్పగలిగినవాళ్ళు పెద్దవాళ్ళైపోతున్నారు. నార తీసిన ఆడవాళ్ళ మాటలు కూడా తీసుకుంటాను, వాళ్ళను ఎవరూ అడగరు.

విజయనగరం బండి

బళ్ళు నడిచిన దారి నేను చూస్తాను. సాలూరు నుంచి విజయనగరం, అక్కణ్ణుంచి భీమిలి దాకా పాత సత్రాలు, బావులు, సంతలు ఎక్కడెక్కడ మిగిలాయో గుర్తిస్తే రేవు కథ సగం అక్కడే దొరుకుతుంది.

హేగ్ నుంచి

నా వంతుగా ఆర్కైవ్స్‌లో ఊరి పేరున్న పుటల నంబర్లు ఒక జాబితాగా ఇక్కడే పెడతాను. అనువాదానికి టైం పడుతుంది, ముందు గుడ్డల ఖాతాలతో మొదలుపెడతాను. బానిసల ఓడలకు సంబంధించి మన తీరం పేరు వచ్చినచోట విడిగా గుర్తు పెడతాను.

తోటవీధి పడవ

ఇళ్ళు కొలవడానికి వచ్చే రోజు ఒడ్డుకూ రండి. పడవలు ఎక్కడ దించుతామో, వలలు ఎక్కడ ఆరేస్తామో, వర్షాకాలంలో ఎంత పైకి లాక్కుంటామో మా కుర్రాళ్ళు నడిచి చూపిస్తారు. ఎండ ఎక్కకముందే రావాలి. ఎనిమిది దాటితే అందరూ చేపల వేలం దగ్గర ఉంటారు, మాట్లాడే తీరిక ఉండదు.

ప్లానింగ్ చదువు

ఆరింటికల్లా వస్తాం అన్నా. సిటీ నుంచి వచ్చేవాళ్ళు 900కె మొదటి బస్సు టైం కనుక్కుని ఎక్కండి. కొలత టేపులు నేను తెస్తాను. పాతచట్టాలు మాస్టారూ, దరఖాస్తు ముసాయిదా మీరు ఇక్కడ పెడితే ఎర్రమట్టి గారూ నేనూ సంతకాలు పెట్టి వెంటనే పంపిస్తాం.